ప్రపంచీకరణ పని అయిపోయినట్లేనా? ఇక ప్రభుత్వాలు చేయాల్సింది ఏమిటి?

అయిపోలేదు. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. మా దగ్గర ప్రపంచీకరణ ఏనాడూ ప్రభుత్వాలను దాటి రాలేదు.

మేం పెంచే వనామి ఈ నేల రొయ్య కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. తెల్లమచ్చ తెగులు అంతకుముందు పెంచిన టైగర్ రొయ్యను దెబ్బతీశాక, 2009లో కేంద్రం అనుమతిస్తేనే వచ్చింది. విదేశీ తల్లి రొయ్యలు చెన్నైలో క్వారంటైన్ దాటాకే హేచరీలకు, అంటే రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రాలకు, చేరతాయి. ఆ జాతినే ఇక్కడ పెంచి, ఒలిచి, గడ్డకట్టించి మళ్లీ అమెరికాకు అమ్ముతున్నాం!

2025 ఏప్రిల్ 2న ట్రంప్ భారత్‌పై 26 శాతం సుంకం ప్రకటించగానే మా వైపు కొనుగోలుదారులు రేటు కోసేశారు. అప్పటికి ఆ సుంకం అమలులోకే రాలేదు. వారంలోనే దాన్ని 90 రోజులు వాయిదా వేసి 10 శాతంతో ఆపారు. రేటు మాత్రం పడినంత వేగంగా లేవలేదు. ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతమైంది, అప్పుడు పోటీదారు ఈక్వెడార్‌కు 15 శాతమే. ధర వచ్చేదాకా రొయ్యను చెరువులోనే ఉంచుదామంటే మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు బిల్లు, పైన తెగులు భయం. రైతుకు బేరమాడే వీలెక్కడ?

ప్రభుత్వమే ధర ప్రకటించాలని చాలామంది అడుగుతారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఆ ధరకు కొనేవాడు ఉండాలి కదా. అంతకంటే మందుల దుకాణాల మీద నిఘా, రైతుకు అందుబాటులో నమ్మదగిన ల్యాబ్ ముఖ్యం. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016లో మన చెరువు రొయ్యల సరుకులో సగాన్ని పరీక్షించాలని నిబంధన పెట్టింది. ఎవరో ఒకరు వాడిన మందుకు అందరి సరుకూ అనుమానం పాలైంది. అమెరికా కాదంటే వెళ్లాల్సిన పెద్ద సంతల్లో అదొకటి మరి.

కొత్త సంతలు తెరిపించడం ఢిల్లీ పని. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం ప్రకారం అక్కడ మన రొయ్యపై సుంకం ఉండదు. మంచిదే, కానీ అమెరికా తిన్నంత బ్రిటన్ తినదు. ఆ లోటు ఇంకో దేశమో, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలో పూడ్చాలి. ఎగుమతికి కట్టిన శీతల గిడ్డంగుల్లో కొన్నయినా మన ఊళ్ల వైపు తిప్పమని అడుగుతున్నాం, ఇంతవరకు జవాబు లేదు.