జర్మ్స్ బృందాన్ని ఎందుకు తలుచుకుంటారు?

ప్రశ్న: నేను విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నాను. లాస్ ఏంజెలెస్‌కు చెందిన ‘జర్మ్స్’ అనే పంక్ (ముతకగా, వేగంగా సాగే రాక్) బ్యాండ్ పాటలను మా అన్నయ్య తరచూ వింటుంటాడు. నాలుగేళ్లయినా నిలవని, శ్రుతి కుదరని ఈ బృందాన్ని ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటున్నారు? గాయకుడు చిన్న వయసులో చనిపోవడమే కారణమా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: గాయకుడు డార్బీ క్రాష్ 1980 డిసెంబరు 7న, 22 ఏళ్లకే మరణించాడు. మరునాటి రాత్రే న్యూయార్క్‌లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్యకు గురికావడంతో ఈ వార్తను పట్టించుకున్నవారు తక్కువ. మత్తుపదార్థాలు బలిగొన్న ఆ ప్రాణాన్ని వీరగాథగా చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్ల పాటకు కూడా అది అన్యాయమే.

1977లో తొలిసారి వేదిక ఎక్కేనాటికి వాళ్లకు వాయించడం సరిగా రాదు. కచేరీల్లో గొడవలు ముదిరి చాలా క్లబ్బులు వాళ్లను రానివ్వకపోవడంతో, అసలు పేరు దాచి ‘జీఐ’ అనే మారుపేరుతో కచేరీలు ఒప్పుకోవలసి వచ్చింది. 1979లో వెలువడిన వారి ఏకైక స్టూడియో ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టారు. మీరు వినవలసింది దాన్ని. మీ ఇంట్లో మోగుతున్నవి బహుశా గ్యారేజీలో రికార్డు చేసిన తొలి సింగిల్ ‘ఫార్మింగ్’, కచేరీ రికార్డింగులు అయి ఉంటాయి.

ఆ ఆల్బమ్‌కు నిర్మాణ బాధ్యత వహించినది, అంతకుముందు ‘రన్అవేస్’ బృందంలో పాడిన జోన్ జెట్. ప్యాట్ స్మియర్ గిటార్, లోర్నా డూమ్ బాస్, డాన్ బోల్స్ డ్రమ్స్ అందులో ఎక్కడా తడబడవు. వేదికపై మైకును మరిచిపోయి అరిచే డార్బీ మాటలు, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వని ఆ పొడవైన వాక్యాలు, ఇక్కడే మనకు తెలుస్తాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మీ కళాశాలలో పాఠం చెప్పిన కాలాన్ని మనం చూడలేదు. ఆయన కమాను పట్టు మనకు దక్కింది గ్రామఫోన్ రికార్డుల్లోనే. జర్మ్స్ విషయంలోనూ కచేరీల గందరగోళాన్ని దాటించి అసలు పాటను మనకు అందించినది ఆ ఒక్క రికార్డే. అమెరికాలో ఆ తర్వాత వచ్చిన హార్డ్‌కోర్ పంక్ (పంక్‌లో మరింత ఉధృతమైన శాఖ) వేగానికి దారి చూపిన వాటిలో అదొకటి. ప్యాట్ స్మియర్ తదనంతరం ప్రసిద్ధ రాక్ బృందాలైన నిర్వాణతోనూ, ఫూ ఫైటర్స్‌తోనూ వాయించాడు.

అందులో చాలా పాటలు రెండు, మూడు నిమిషాల్లో ముగుస్తాయి. చివరిది మాత్రం తొమ్మిది నిమిషాలకు పైగా నెమ్మదిగా సాగుతుంది. సాహిత్యం ఎదుట పెట్టుకుని మొదటి నుంచి వరుసగా వినండి. అప్పటికీ నచ్చకపోతే ఆ మాట మీ అన్నయ్యకు నిర్మొహమాటంగా చెప్పవచ్చు.