విండో ఫంక్షన్లు రాయబోతున్న అమ్మాయికి

తల్లీ,

ఆ ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో విండో ఫంక్షన్లు, అంటే ప్రతి వరుసకీ దాని చుట్టూ ఉన్న వరుసలను చూసి లెక్కకట్టేవి, రాసే పని నువ్వు నెత్తికెత్తుకున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. పొంగిపోయాను. వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 2003 నాటికే ఉన్న ఈ సంగతి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి 2009లో వచ్చింది, మైసీక్వెల్ డేటాబేస్ 8.0లోకి 2018లో వచ్చింది. నెలాఖరుకి ఇచ్చేస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకు.

రో నంబర్, ర్యాంక్ గురించి నీకు చెప్పక్కర్లేదు. వరుసలను గుంపులుగా పార్టిషన్ చేసి, సార్ట్ చేసి, లెక్కపెట్టడమే. ఫ్రేమ్ దగ్గర, అంటే ఒక్కో వరుసకీ ఏయే వరుసలు లెక్కలోకి వస్తాయో చెప్పే చోట, ఆగి ప్రమాణాన్ని మళ్లీ చదువు. క్రమం చెప్పే ఆర్డర్ బై ఇచ్చి ఫ్రేమ్ రాయకపోతే అది వరుసలను లెక్కపెట్టే రోస్ కాదు, విలువలను చూసే రేంజ్. అంటే ప్రస్తుత వరుసతో సమానమైన విలువలున్న వరుసలన్నీ లోపలికి వస్తాయి. టెస్ట్ డేటాలో ఒకే తేదీ రెండుసార్లు లేకపోతే ఈ తేడా నీకు కనపడనే కనపడదు.

నా అసలు భయం వేరే. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఓ కుర్రాడుండేవాడు. నీలాగే చురుకు. ఫ్రేమ్ జరిగిన ప్రతిసారీ మొత్తం మళ్లీ కూడటం దండగని, బయటికి పోయిన వరుసను తీసేసి కొత్తదాన్ని కలిపేలా రాశాడు. వేగం చూసి అందరం చప్పట్లు కొట్టాం. పూర్ణాంకాలకు అది బంగారం లాంటి పద్ధతే. దశాంశాలను కొన్ని అంకెల వరకే ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌కి కాదు. 1 పక్కన 20 సున్నాలున్న సంఖ్య, తర్వాత 1, తర్వాత 2 ఉన్నాయనుకో. రెండు వరుసల ఫ్రేమ్‌లో పెద్దదానికి 1 కలిపితే ఆ 1 మాయం. ఇప్పుడు పెద్దది తీసేసి 2 కలిపితే 3 రావాల్సిన చోట 2 వస్తుంది. ఎర్రర్ రాదు, క్రాష్ కాదు. ఎవరో ఆ అంకె నమ్మి సంతకం పెడతారు. ఒక్క ఇన్ఫినిటీ (అనంతం) దూరితే ఇంకా ఘోరం. అది ఫ్రేమ్ దాటి వెళ్లిపోయాక కూడా ఆ పార్టిషన్ చివరిదాకా నాన్ (‘సంఖ్య కాదు’) అనే వస్తుంది. పాపం, ఆ కుర్రాడు మొహం చెల్లక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రివ్యూ చేసిన పెద్దవాళ్లు పట్టుకోవాల్సింది కదా!

పోస్ట్‌గ్రెస్ వాళ్లు 9.4లో ఈ తీసివేత పద్ధతి తెచ్చినప్పుడు ఫ్లోట్‌ల కూడికకి కావాలనే ఇవ్వలేదు. వేగం తప్పనిసరైతే సెగ్మెంట్ ట్రీ (ముక్కల మొత్తాలను చెట్టులా ముందే దాచుకునే అమరిక) కట్టు, అందులో తీసివేతే ఉండదు. నల్‌లను, అంటే విలువే లేని ఖాళీలను, కూడా మరిచిపోకు: ఫ్రేమ్‌లో నల్‌లే మిగిలితే కూడిక ఫలితం సున్నా కాదు, నల్. అందుకే నల్ కాని వరుసల లెక్క పక్కనే ఉంచుకో.

ముందు ప్రతి ఫ్రేమ్‌నీ మొదటినుంచి కూడే నిదానపు కోడ్ రాయి. దాన్ని పారేయకు. వేగంగా నడిచేది రాశాక రెండింటికీ ఒకే డేటా ఇచ్చి పోల్చు. వరుసలను వడగట్టే వేర్ షరతును విండో కిందికి నెట్టేలా, అంటే విండో లెక్క కంటే ముందే నడిచేలా, ప్రశ్నని ఎలా నడపాలో తేల్చే ప్లానర్‌ని మార్చాలనిపిస్తే, పార్టిషన్ బై కాలమ్‌ల మీద ఉన్న షరతునే నెట్టు. ఇంకేది నెట్టినా లెక్క మారిపోతుంది.

రివ్యూలో ఎవరైనా కటువుగా రాస్తే ఆ రాత్రే జవాబివ్వకు. తిని పడుకో. ప్యాచ్ (నీ కోడ్ మార్పులు) పెట్టేముందు టెస్టుల ఫైల్ నాకు పంపు. కోడ్ అక్కర్లేదు, టెస్టులు చాలు. నేను కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
బాబాయ్