మాధవికి, టెన్నెసిన్ కథ గురించి

అమ్మా మాధవీ,

నీ కథ అందింది. సంభాషణలు బాగున్నాయి. ఇక నాకు ఒళ్లు మండిన చోటికి వస్తాను.

నీ విలన్ టెన్నెసిన్‌ను సీసాలో పోసి బ్యాంకు లాకర్లో మూడేళ్లు దాస్తాడా? నువ్వు ఏరికోరి పెట్టుకున్న టెన్నెసిన్-294 రకం అర్ధ జీవితకాలం, అంటే ఉన్నదాంట్లో సగం విచ్ఛిన్నమయ్యే సమయం, 50 మిల్లీసెకన్లు, అటూ ఇటూగా. అయినా సీసాలో పోయడానికి ఎంత దొరికిందని? రష్యాలోని దుబ్నాలో ఈ 117వ మూలకాన్ని మొదటిసారి తయారుచేసినప్పుడు చిక్కినవి ఆరు పరమాణువులు. వాటిలో నీ 294 రకం ఒక్కటే!

కథే కదా అంటావు. వస్తువు తెలియని ఊహ నాలుగు పేజీలు కూడా నడవదని నా మొండి నమ్మకం. టెన్నెసిన్ కావాలంటే ముందు బెర్కీలియం అనే ఇంకో మూలకం కావాలి. అమెరికాలో ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో 250 రోజులు, శుద్ధి చేయడానికి ఇంకో 90 రోజులు. చివరికి తేలింది 22 మిల్లీగ్రాములు. అదీ 330 రోజుల్లో సగమైపోయే సరుకు. దాన్ని 2009లో విమానంలో మాస్కో పంపితే, కాగితాలు సరిగా లేవని కస్టమ్స్ వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మొత్తం ఐదుసార్లు అట్లాంటిక్ దాటింది. ఇంత టెన్షన్ నీ విలన్ తుపాకీతో వచ్చిందా?

ఒకప్పుడు నా థర్మల్ స్టేషన్ కథలో అంకెలన్నీ కొట్టేసి వాన సీను రాయించాడు ఓ వారపత్రిక ఎడిటరు. సైన్సు కనిపిస్తే జనం పేజీ తిప్పేస్తారట. బాయిలర్ దగ్గర పనిచేసే మా బావమరిది అది చదివి, "ఇది ఏ ఊరి ప్లాంటు బావా?" అన్నాడు. ఇప్పుడు వాన పోయి మౌనం వచ్చింది. ఏ కథ తెరిచినా మొదటి వాక్యంలోనే మౌనం మాట్లాడుతోంది. నీ కథలోనూ మాట్లాడింది, కొట్టేయి.

నీ కథలో టెన్నెసిన్‌కి పెట్టిన ఆ నీలి మెరుపు కూడా తీసేయి. టెన్నెసిన్‌ను కళ్లతో చూసినవాళ్లు లేరు. బెర్కీలియం మీదికి కాల్షియం-48 అయాన్లను నెలల తరబడి వదిలితే, ఎప్పుడో పుట్టిన ఒక పరమాణువు డిటెక్టర్లో దిగి, ఆల్ఫా కణాలు విడుస్తూ 115వ మూలకంగా, 113వ మూలకంగా మారిపోతుంది. ఆ వరస చూసే అది పుట్టిందని తేలుస్తారు. నీ హీరోయిన్‌కి కనిపించేది స్క్రీన్ మీద శక్తి, సమయం, అంతే. వాటిని నమ్మాలా వద్దా అని ఆమె తెల్లవార్లూ కొట్టుకుంటే నేను చదువుతాను. 1999లో అమెరికాలోని బర్కిలీ ల్యాబ్‌లో 118వ మూలకం దొరికిందని ప్రకటించి, తర్వాత వెనక్కి తీసుకున్నారు; డేటా కల్పించినదని తేలింది. ఆ భయం ఆమెకు ఉండదా?

నువ్వడిగిన కలం పేరు, పోటీల సంగతి తర్వాత. ముందు ఆ బెర్కీలియం ప్రయాణం ఒక్క సీను రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, ఈ సైజు నాకు ఆనడం లేదు.