చైనాలో మామూలు జనం మధ్య: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉండే నాలుగు జంటలం కలిసి చైనా వెళ్దామనుకుంటున్నాం. ఒక ట్రావెల్స్ వాళ్ళు ఎనిమిది రోజుల్లో ఐదు ఊళ్ళు చూపిస్తామంటున్నారు. మాకు కోటలూ గోడలూ కాదు, అక్కడి జనం రోజూ ఎలా బతుకుతారో చూడాలని ఉంది. ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఎనిమిది రోజుల్లో ఐదు ఊళ్ళంటే పెట్టెలు సర్దుకోవడానికీ స్టేషన్లకి పరుగెత్తడానికీ సరిపోతుంది. రెండు ఊళ్ళు పెట్టుకోండి. విశాఖవాళ్ళకి వీలైన జోడీ గ్వాంగ్‌జౌ, గ్విలిన్. 2025 అక్టోబర్ 26న ఇండిగో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మళ్ళీ మొదలుపెట్టింది. గ్వాంగ్‌జౌ నుంచి గ్విలిన్‌కి హైస్పీడ్ రైల్లో సుమారు రెండున్నర, మూడు గంటలు. అక్కడి నుంచి రోడ్డు మీద ఇంకో రెండు గంటలు వెళ్తే లోంగ్‌జీ కొండల మెట్ల పొలాలు. మే, జూన్ నెలల్లో మడుల నిండా నీళ్ళుంటాయి, సెప్టెంబర్ చివరికి వరి పండుతుంది. విశాఖ–కోల్‌కతా టికెట్ విడిగా కొంటే సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలి కాబట్టి మధ్యలో నాలుగు గంటలకి తగ్గకుండా చూసుకోండి.

కార్యక్రమం కాగితం చేతికిచ్చాక ముందు పొద్దున వేళలు చూడండి. హోటల్లో బఫే తిని తొమ్మిదింటికి బస్సెక్కితే మీరు చూడాలనుకున్నది అప్పటికే అయిపోయి ఉంటుంది. అక్కడి రోజువారీ జీవితమంతా పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య, మళ్ళీ సాయంత్రం ఏడు దాటాక వీధిలోకొస్తుంది. పొద్దున పార్కుల్లో తైచీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం), సాయంత్రం ఖాళీ స్థలాల్లో స్పీకర్ పెట్టుకుని ఆడవాళ్ళ బృంద నృత్యాలు. కొన్ని పార్కుల్లో పెద్దవాళ్ళు పొడుగాటి కర్రకి స్పాంజి కుంచె బిగించి, బకెట్‌లో నీళ్ళలో ముంచి, రాతి పలకల మీద అక్షరాలు రాస్తుంటారు. ఎండాకాలంలో కిందివరుస రాసేసరికి పైవరుస ఆరిపోతూ ఉంటుంది. చుట్టూ నిలబడి అక్షరం వంపు బాగుందనో లేదనో మాట్లాడుకుంటారు. అక్కడ ముప్పావుగంట ఆగితే కుంచె మీ చేతికీ ఇస్తారు. ముప్పైమంది గుంపుని వెంటేసుకున్న గైడ్ అలా ఆగలేడు. అందుకే గైడ్‌కి పన్నెండుమంది మించకూడదంటాం. మీ ఎనిమిదిమందీ సరిగ్గా సరిపోతారు, బయటివాళ్ళని కలపబోమని రాయించుకోండి.

ఇంకో మూడు సంగతులు కూడా కాగితం మీద ఉండాలి. హోటల్ జనం నివసించే పేటలో ఉందా, ఊరవతల హైవే మీదా? ప్రతి ఊళ్ళో కొత్త గైడ్ వస్తాడా, మొదటి నుంచీ ఒక్కరే ఉంటారా? దుకాణాల దగ్గర ఆపడాలు ఎన్ని? ధర మరీ తక్కువ చెబితే ఈ మూడోదాని దగ్గరే అనుమానపడండి. టీ, పట్టు, పచ్చరాయి (జేడ్) దుకాణాల కమీషన్‌తో ఆ తేడా రాబట్టుకుంటారు. 2013 అక్టోబర్ 1న అమల్లోకొచ్చిన చైనా పర్యాటక చట్టం ఇలాంటి చవక ప్యాకేజీలనీ బలవంతపు షాపింగ్‌నీ నిషేధించింది. కాబట్టి మొహమాటం లేకుండా అడగండి.

ప్రశ్న: మాది గాజువాక. మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఆకలితో ఉండాల్సి వస్తుందా?

జవాబు: కూరగాయలకి కొదవ లేదు. చిక్కు వంటనూనెతోనూ మాంసపు రసంతోనూ వస్తుంది. ‘మాంసం వద్దు’ అని మాత్రమే చెబితే ముక్కలు వేయకుండా వండుతారు గానీ పంది కొవ్వు, కోడి పులుసు, చికెన్ పొడి, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల రసంతో చేసేది) అందులోనే ఉంటాయి. వంటవాడి దృష్టిలో అవి మాంసం కాదు, రుచికి వేసేవి. అందుకే ఈ నాలుగూ పేరుపేరునా రాసి, చేప, రొయ్య, గుడ్డు కూడా వద్దని చేర్చి, చైనీస్‌లో కార్డు రాయించుకోండి. గైడ్ చేత ఒకసారి చదివించి ఫోన్‌లోనూ ఒక ఫొటో ఉంచుకోండి.

పేరు చూసి మోసపోయే వంటకాలున్నాయి. మాపో టోఫూ అనే కారంగా ఉండే సోయా పనీర్ కూరలో మాంసం కైమా పడుతుంది. వేయించిన చిక్కుళ్ళ మీదా పంది కైమా చల్లుతుంటారు. గ్వాంగ్‌జౌలో పొద్దున టీతోపాటు ఇచ్చే ముల్లంగి కేకులో సాసేజ్ ముక్కలూ ఎండు రొయ్యలూ ఉంటాయి. ధైర్యంగా అడగదగ్గవి: వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం కలిపి వేయించే ది-సాన్-షియెన్, వెల్లుల్లితో వేయించిన ఆకుకూర, ఖీరా సలాడ్. వీటికీ కార్డు చూపించాల్సిందే. బౌద్ధాలయాల దగ్గరి శాకాహార భోజనశాలలు అన్నిటికంటే నమ్మకం. అక్కడ చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ప్లేట్లో కోడి, చేప ఆకారంలో కనిపించేది సోయాతోనో గోధుమతోనో చేసినదే, కంగారుపడకండి.

అన్నం కూరలతోపాటు కావాలంటే ముందే చెప్పాలి, లేకపోతే చివర్లో తెస్తారు. చిన్న హోటళ్ళలో మధ్యాహ్నం పదకొండున్నర నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు మంచి సమయం. మనలా రాత్రి తొమ్మిదింటికి వెళ్తే పొయ్యి ఆర్పేసి ఉండొచ్చు. హైస్పీడ్ రైళ్ళలో వేడినీళ్ళ కుళాయి ఉంటుంది, ఒక ఫ్లాస్కూ ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లూ దగ్గరుంటే ఆ పూట గడిచిపోతుంది. తాజా పండ్లు, కూరగాయలు కస్టమ్స్ దగ్గర పారేయిస్తారు. నెయ్యి, కోవా కూడా పెట్టెలో పెట్టకండి.

ప్రశ్న: సీతమ్మధార నుంచి రాస్తున్నాను. నగదు తీసుకెళ్ళాలా? వాట్సాప్ పనిచేయదంటున్నారు, నిజమేనా?

జవాబు: యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ ఉండగానే అలీపే (ఫోన్‌తో డబ్బు కట్టే చైనా యాప్) పెట్టుకుని, మన మొబైల్ నంబర్‌తో ఖాతా తెరిచి, పాస్‌పోర్ట్ ఫొటో ఎక్కించి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ కంపెనీ బ్యాంక్ కార్డు జత చేయండి. రూపే కార్డు కుదరదు. బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయడం మర్చిపోవడం వల్లే చాలామంది కార్డులు మొదటిరోజు తిరస్కరణకు గురవుతాయి. రెండు బ్యాంకుల కార్డులు ఉంచుకోండి. 200 యువాన్లు దాటిన బిల్లు మీద మూడు శాతం రుసుము పడుతుంది, లోపు అయితే ఉండదు.

మన రైతుబజారు లాంటి కూరగాయల సంతకి వెళ్ళినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. కొందరు అమ్మేవాళ్ళు వ్యాపారుల క్యూఆర్ కాకుండా సొంత ఖాతా క్యూఆర్ పెడతారు. విదేశీ కార్డుతో వ్యక్తుల ఖాతాకి సాధారణంగా డబ్బు వెళ్ళదు, మీ ఫోన్‌లో లోపమేమీ లేదు. అప్పుడు పది, ఇరవై యువాన్ల నోట్లు అక్కరకొస్తాయి.

చైనాలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అడ్డుకున్నారు. మన సిమ్ రోమింగ్ డేటా మీద మాత్రం సాధారణంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆ డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా వస్తుంది. వీధిలో పనిచేసిన వాట్సాప్ హోటల్‌కి రాగానే ఆగిపోతే ఫోన్ వైఫైకి మారిందన్నమాట. వైఫై ఆపేయండి. బ్యాంక్ ఓటీపీలకీ రోమింగ్ ఉండాల్సిందే. అనువాద యాప్‌లో చైనీస్ ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ప్రశ్న: ఒక పల్లెటూరి ఇంట్లో ఒక రాత్రి ఉంటామని గైడ్ చెప్పారు. ఏం తీసుకెళ్ళాలి, ఎలా మసలుకోవాలి? (మధురవాడ)

జవాబు: ముందు చట్టం సంగతి. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటల్‌వాళ్ళే చేస్తారు. ఇంట్లో ఉంటే 24 గంటల్లోగా మీరు గానీ ఇంటివాళ్ళు గానీ స్థానిక పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించాలి. తప్పితే హెచ్చరికతోపాటు 2,000 యువాన్ల దాకా జరిమానా పడొచ్చు. ‘ఒక్క రాత్రికి ఏముందిలెండి’ అనే గైడ్‌ని నమ్మకండి.

కానుకగా ఏటికొప్పాక లక్కబొమ్మ చాలా బాగుంటుంది, తేలిక, పగలదు, పిల్లలున్న ఇంటికి మరీ నప్పుతుంది. గడియారం మాత్రం ఇవ్వకూడదు, అది చావుకి సంబంధించిన అపశకునం. రెండు చేతులతో ఇవ్వండి. మీ ఎదుట విప్పకపోతే నచ్చలేదనుకోకండి, తర్వాత విప్పడం అక్కడి మర్యాద. గుమ్మం దగ్గర చెప్పులు విడవండి, వంటింట్లోనూ పెద్దవాళ్ళనీ ఫొటో తీసేముందు అడగండి. కూరగాయలు తరగడానికీ డంప్లింగ్స్ (లోపల కూర పెట్టి మడిచే పిండి వంటకం) చేయడానికీ కూర్చుంటే భాష లేకపోయినా మాట కలుస్తుంది.

గ్వాంగ్‌జౌలో టీ తాగడానికి కూర్చుంటే ఇంకో పద్ధతి ఉంది. టేబుల్ మీద పెద్ద గిన్నె పెడతారు. మొదట పోసిన టీతో కప్పులూ చాప్‌స్టిక్స్ కడిగి ఆ గిన్నెలో ఒంపేయాలి. ఎవరైనా మీ కప్పు నింపితే రెండు వేళ్ళతో బల్లని తట్టండి, అదే ధన్యవాదం. కెటిల్ మూత పక్కకి జరిపి పెడితే నీళ్ళు తెచ్చి నింపుతారు. అలాంటి టీ దుకాణంలో కనీసం గంటన్నర కూర్చోబెట్టే గైడ్‌నే ఎంచుకోండి.

ప్రశ్న: ఏ తేదీలు మానుకోవాలి? హాంకాంగ్ కూడా కలపవచ్చా? (అక్కయ్యపాలెం)

జవాబు: అక్టోబర్ మొదటి వారం, మే 1 సెలవులు, వసంత పండుగ (చైనా కొత్త సంవత్సరం) ముందూ వెనకా మానుకోండి. రైలు టికెట్లు 15 రోజుల ముందే అమ్మకానికొచ్చి ఆ రోజుల్లో క్షణాల్లో అయిపోతాయి. హాంకాంగ్ వెళ్తే చైనా నుంచి బయటికెళ్ళినట్టే లెక్క. ఒకసారి ప్రవేశించే వీసా అయితే తిరిగి గ్వాంగ్‌జౌకి రానివ్వరు, రెండుసార్లు ప్రవేశించే వీసా అడగాలి. వీసా లేకుండా 240 గంటలు ఉండనిచ్చే సదుపాయం భారతీయులకి లేదు.

చైనాలోపల విమానం ఎక్కుతుంటే పవర్ బ్యాంక్ మీద 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) ఉందో లేదో చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి అది లేనివి దేశీయ విమానాల్లోకి అనుమతించడం లేదు, మన దగ్గర కొన్న చాలావాటి మీద ఆ గుర్తు ఉండదు.