రూపం మారే బొమ్మ కొనే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మొదటి జీతంలో దాచిన డబ్బుతో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో లారీగా మారే రోబో, ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మ కొనుక్కుంటానని రాశావు. జపాన్ బొమ్మల కంపెనీ తకారా టోమీ వారి మాస్టర్‌పీస్ (ఎంపీ) వరుసలో 2011లో వచ్చిన ఎంపీ-10 మంచిదా, 2019 నాటి ఎంపీ-44 మంచిదా తేల్చి చెప్పమన్నావు. ఎంపీ-10 కొనుక్కో నాయనా. కారణాలు కూడా చెబుతాను, రేపు మరో బొమ్మ దగ్గరా ఇదే సందేహం వస్తుంది కాబట్టి.

నువ్వు పంపిన ఫోటోలన్నిటిలోనూ రోబో నిలబడే ఉంది. నిలబెట్టి చూస్తే ఎంపీ-44దే అందం. కార్టూన్‌లోని ఆకారాన్ని అచ్చంగా తేవాలని దాన్ని తయారు చేశారు. లారీ ఆనవాళ్లు కనబడకుండా పలక మీద పలక మడిచి లోపలికి దాచారు. ఆ నునుపుకు మూల్యం మార్చేటప్పుడు చెల్లించాలి. ఒక పలక వెంట్రుకవాసి పక్కకు ఉన్నా దాని పైది కూర్చోదు. మార్చే పద్ధతి రాసిన కాగితం చూసుకుంటూ, ఎక్కడ ఏది విరుగుతుందోనని ఊపిరి బిగబట్టి మార్చాలి. అలాంటి బొమ్మను రెండుసార్లు మార్చి, ఆ తరువాత అద్దాల బీరువాలో పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. కదలని బొమ్మే కావాలనుకుంటే మామూలు విగ్రహం ఇంతకన్నా చౌకగా, ఇంతకన్నా అందంగా దొరుకుతుంది.

ఎంపీ-10 సంగతి వేరు. లారీ ముందు అద్దాలే రోబో ఛాతీ అవుతాయి. కాళ్ల పక్కన చక్రాలు దాపరికం లేకుండా కనిపిస్తాయి. కొందరు దాన్ని లోపమంటారు, నేను అనను. ఇది లారీయే అని రోబోను చూడగానే తెలియాలి, ఆ ముచ్చట కోసమే కదా ఈ బొమ్మలు. భుజం తిప్పితే టక్కుటక్కుమని మెట్టుమెట్టుకూ ఆగుతుంది, చేతిలో తుపాకీ పెట్టినా వాలిపోదు. ఛాతీ తెరిస్తే లోపల మాట్రిక్స్, అంటే కథలో నాయకుడు మోసే శక్తి చిహ్నం, ఉంటుంది. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. 2003లో వచ్చిన ఎంపీ-1 దీనికన్నా పెద్దది, ఇనుప గుండులా బరువు. ఎంపీ-10ని కాస్త తగ్గించడం వల్లే తరువాత వచ్చిన కార్ల రోబోలు దాని పక్కన సరైన కొలతలో నిలబడగలిగాయి.

బరువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. లోహం ఉంటే మంచి బొమ్మ అని దుకాణాల్లో ఊదరగొడతారు. లోహం ఎక్కడుందో అడుగు. పాదాల్లో ఉంటే బొమ్మ నిలకడగా నిలుస్తుంది. ఛాతీలోనో చేతుల్లోనో ఉంటే ఆ బరువంతా నడుము, భుజాల కీళ్ల మీద పడి కొన్నాళ్లకే అవి వదులవుతాయి.

ఎంపీ-10లో లోపాలు లేవని అనను. పొగగొట్టాలు సన్నగా ఉంటాయి, వాటిని పట్టుకుని బొమ్మను ఎత్తవద్దు. అద్దాల భాగం పారదర్శక ప్లాస్టిక్, అది రంగు ప్లాస్టిక్‌లా వంగదు, ఒత్తిడి పడితే పగులుతుంది. ఏ బొమ్మలోనైనా పారదర్శక ప్లాస్టిక్‌లోంచి లోహపు పిన్ను దూరిన చోటును దీపం వెలుగులో చూడు. పిన్ను చుట్టూ తెల్లటి గీత సన్నగా, గోటితో గీసినట్టు కనిపిస్తే పగులు మొదలైనట్టే. పాత బొమ్మ బేరమాడేటప్పుడు అమ్మేవాళ్లను ముందుగా ఆ చోటు ఫోటోనే అడుగు. బంగారు రంగు తళుకు కలిపి పోసిన ప్లాస్టిక్ ఉన్న పాత బొమ్మల జోలికి అసలు వెళ్లకు. ఆ తళుకే ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది. పెట్టెలోంచి తీయకుండా దాచినవి కూడా తాకగానే ముక్కలైన సందర్భాలున్నాయి.

1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో అమ్మిన అసలు ఆప్టిమస్ మీద కూడా నీకు మనసుందని మీ నాన్న చెప్పాడు. అది జపాన్‌లో అంతకు ముందు ఏడాది డయాక్లోన్ అనే బొమ్మల వరుసలో తకారా (నేటి తకారా టోమీ) తెచ్చిన బొమ్మే. దాని పిడికిళ్లు విడిగా తగిలించేవి, పిల్లల చేతుల్లో ముందు పోయేవి అవే. కాబట్టి పిడికిళ్లు, తుపాకీ, ట్రైలర్ అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోకుండా డబ్బు ఇవ్వకు. ఆ పాత రూపమే కావాలి, కీళ్లు మాత్రం బాగా కదలాలి అనుకుంటే 2024లో మిస్సింగ్ లింక్ పేరుతో తకారా టోమీ తెచ్చినది చూడు. నాకు అది చాలా నచ్చింది.

ఎంపీ-10కి నకిలీలు విపరీతం. అసలు దానికన్నా పెద్దవి కూడా ఉన్నాయి. ధర మరీ తక్కువ చెబితే అనుమానించు. జపాన్ నుంచి తెప్పిస్తే సుంకం ముందే లెక్క వేసుకో. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. నువ్వు కొనే రోజున ఎంత ఉందో కనుక్కుని, ఆ తరువాతే బడ్జెట్ వేసుకో.

బొమ్మ చేతికి వచ్చాక మొదటిసారి మార్చేటప్పుడు తొందర వద్దు. ఒక భాగం కదలడం లేదంటే నూటికి తొంభైసార్లు ఇంకో భాగం అడ్డం ఉన్నట్టు లెక్క. బలం పెట్టకుండా ఒక అడుగు వెనక్కి వెళ్లు. కీలు మరీ బిగుతుగా ఉంటే సిలికాన్ నూనె ఒక చుక్క చాలు. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె పొరపాటున కూడా వేయకు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి పగుళ్లిస్తాయి. వదులైన బంతి కీలుకు రంగులేని గోళ్ల రంగు పలుచగా పూసి, బాగా ఆరాక తిరిగి తగిలించు.

బీరువాను కిటికీకి ఎదురుగా పెట్టవద్దు. మన ఎండకు తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. 1985 నాటి జెట్‌ఫైర్ అనే తెల్ల విమానం రోబో బొమ్మలు తెల్లగా మిగిలినవి ఇప్పుడు అరుదు. కొన్నాక ముందు కీళ్లు, పిన్నుల దగ్గర ఫోటోలు తీసి నాకు పంపు. తిప్పి ఇవ్వడానికి గడువు ఉండగానే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న