ఒంటి సీటు బెంట్లీ ఎవరెవరి చేతులు మారింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ పందేల ట్రాక్‌పై పరుగెత్తిన ఎర్రటి ఒంటి సీటు బెంట్లీ కారు నేటికీ అసలు రూపంలోనే ఉందా? దాని యజమానులు ఎవరు?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరడిగినది ‘బ్లోయర్ నంబర్ 1’. నాలుగున్నర లీటర్ల ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) బిగించడం సంస్థ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ససేమిరా ఇష్టం లేకపోయినా, కారు పందేల డ్రైవర్ సర్ హెన్రీ ‘టిమ్’ బర్కిన్ పట్టుబట్టి ఆ పని చేయించారు. అందుకు డబ్బు పెట్టి, కారుకు యజమానురాలైన వారు గుర్రప్పందేల్లోనూ పేరుమోసిన డొరొతీ పాజెట్. 1929లో రెండు సీట్లతో పందెంలోకి దిగిన ఈ కారును ఆ తరువాత ఒంటి సీటుకు మార్చారు. 1932లో బర్కిన్ దీనిపై గంటకు 137.96 మైళ్ల, అంటే దాదాపు 222 కిలోమీటర్ల వేగంతో బ్రూక్‌లాండ్స్ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) రికార్డు సాధించారు. కాంక్రీటు పోసిన ఆ గతుకుల ట్రాక్‌పై అది ప్రాణాలతో చెలగాటమే. మరుసటి ఏడాది ఆయన మరణించారు.

పాజెట్ చేతుల్లోంచి వెళ్లాక ఈ కారు కొంతకాలం రోడ్డుపై నడిపే రెండు సీట్ల బాడీతో ఉండేది. తరువాత దీన్ని కొన్న ప్రసిద్ధ గడియారాల నిపుణుడు జార్జ్ డేనియల్స్ మళ్లీ ఒంటి సీటు బాడీని అమర్చారు. కనుక అది అసలు రూపమే గాని, మధ్యలో ఒకసారి వేషం మార్చి తిరిగి వచ్చిన రూపం. ఆయన మరణానంతరం 2012లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో జరిగిన వేలంలో ఇది 50 లక్షల పౌండ్లకు పైగా పలికింది.