మిసిసిపీ ఒడ్డున తొలి ఏడాది: తిరుపతి, చిత్తూరు వాళ్ల సందేహాలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగం మీద అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రెడ్ వింగ్, వబాషా, వినోనా లాంటి ఊళ్లకు వచ్చే కుటుంబాలు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంత చిన్న ఊళ్లో శని, ఆదివారాలు ఏం చేయాలండీ?" ఏడాది పొడవునా చేయడానికి ఉంది. అందులో సగం మిసిసిపీ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందు ఆ నది సంగతి తెలుసుకోవాలి.

స్వర్ణముఖిలో, నీవాలో మనం ఎక్కువగా చూసింది ఇసుకే. చెలమ తీస్తే నీళ్లు ఊరతాయి, పిల్లలు ఆడుకుంటారు. 2021 నవంబరులో పడినలాంటి వానలొస్తే తప్ప ఏటికి భయపడం. వరద వచ్చినా ఎర్రగా, హోరుమంటూ వస్తుంది, మనమే పక్కకు తప్పుకుంటాం. ఇక్కడి నదిలో అపాయం అలా చెప్పి రాదు.

మే మొదటి వారంలో ఒక్కోరోజు ఎండ 25 డిగ్రీల దాకా పోతుంది, పిల్లలు చొక్కాలు విప్పేస్తారు. నీళ్లు మాత్రం 10, 12 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. కరిగిన మంచు నీళ్లు కదా, గాలి వేడెక్కినంత తొందరగా అవి వేడెక్కవు. అలాంటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాసలో నీళ్లు మింగేస్తాం. తర్వాత పది నిమిషాల్లో చేతులు, కాళ్లు పట్టు తప్పుతాయి. గజ ఈతగాడైనా ఈదలేడు. చలికి స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివాళ్లు ఆ గంటదాకా నిలవరు. అందుకే కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ), పడవ షికార్లు జూన్ చివరిదాకా ఆపుకోండి.

పడవలో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు ఉండాలన్నది చట్టం. మిన్నెసోటాలో పదేళ్ల లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ తొడుక్కునే ఉండాలి. పెద్దలూ తొడుక్కోండి, నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం కుదరదు. కొనేటప్పుడు పిల్లాడి చేతులు పైకెత్తించి, భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు. 'పెరుగుతాడులే' అని పెద్ద సైజు కొనడం బట్టలకు సరే, దీనికి పనికిరాదు. సొంత కయాక్ కొంటే పొడవు చూసుకోండి, పది అడుగులు దాటితే రాష్ట్ర రిజిస్ట్రేషన్ కావాలి.

ఆనకట్టల జోలికి పోకండి. చెరువు మరవ పారుతుంటే దాని కింద తడిసి ఆడుకున్న అలవాటు మనకుంది. ఇక్కడ కట్ట కింద నీళ్లు పైనుంచి దూకి, అడుగున తిరిగి, మళ్లీ కట్టవైపే లాగుతాయి. చిక్కినవాణ్ణి వదలవు. సరుకు మోసే బార్జీలూ అంతే. పదిహేను బార్జీలు కట్టిన వరస ఆగడానికి మైలు దాకా పట్టొచ్చు, ముక్కు కిందున్న చిన్న పడవ దాన్ని నడిపేవాడికి కనబడనే కనబడదు. వేసవిలో నది మధ్య తేలే ఇసుకతిన్నెలు చూస్తే మన ఏరు గుర్తొస్తుంది. కానీ వాటి అంచు మెత్తగా, నిటారుగా ఉంటుంది. మోకాటి లోతులో ఉన్నామనుకుంటే మరో అడుగుకు నీళ్లు తలమీదకొస్తాయి. పిల్లలు ఒడ్డున ఆడుతున్నా జాకెట్ తీయనీయొద్దు.

చేపలు పట్టాలంటే పదహారేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు కావాలి. రాష్ట్రంలో అరవై రోజులు కాపురం ఉంటేనే స్థానికుల ధర వర్తిస్తుంది, కొత్తగా దిగినవాళ్లు కాస్త ఆగితే డబ్బు మిగులుతుంది. పట్టినవన్నీ పులుసు పెట్టేయకండి. ఏ చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ జాబితా ఇస్తుంది, గర్భిణులకూ పిల్లలకూ లెక్క వేరు.

ఒడ్డున గడ్డిలో, అడవి బాటలో తిరిగొచ్చాక టిక్ అనే పురుగు పట్టుకుందేమో ఒళ్లంతా వెతుక్కోవాలి: మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనక, తలలో. మన పశువులకు పట్టే గోమారి లాంటిదే ఇక్కడి టిక్. మే నుంచి జులై దాకా తిరిగే పిల్ల టిక్కు గసగసాల గింజంత ఉంటుంది. లైమ్ జబ్బు అంటుకోవడానికి సాధారణంగా అది ఇరవైనాలుగు గంటలకు పైగా పట్టుకుని ఉండాలి, అందుకే ఆ రాత్రే తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. నెల రోజుల్లోపు ఎర్రటి దద్దు పెద్దదవుతూ కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చెప్పండి.

అక్టోబరులో కొండలెక్కండి. అలిపిరి మెట్లెక్కిన కాళ్లకు రెడ్ వింగ్‌లోని బార్న్ బ్లఫ్ ఒక లెక్క కాదు. దాని అసలు పేరు హే మ్నీ చాన్, ఇక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలకు అది పవిత్ర స్థలం. మన కొండమీద ఎలా మసులుకుంటామో అక్కడా అలాగే మసులుకోవాలి. నవంబరులో తుపాకులతో జింకల వేట మొదలవుతుంది, అడవి బాటల్లో మెరిసే నారింజ రంగు చొక్కా లేకుండా నడవొద్దు. ఆ నెల మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, నెలాఖరుకు నాలుగున్నరకే పొద్దు గూకుతుంది.

కార్తీక దీపాలు నదిలో వదలాలని చాలామందికి ఉంటుంది. నీళ్లలో ఏది వదిలినా ఇక్కడ చెత్త వేసినట్టే లెక్క. ఒడ్డు కూడా అప్పటికి జారుతుంటుంది. దీపం ఒడ్డునే పళ్లెంలో వెలిగించుకుని, పళ్లెంతో సహా ఇంటికి తెచ్చేసుకోండి.

చలికాలానికి తిరుపతిలో స్వెటర్లు కొని పెట్టె నింపుకోకండి, ఇక్కడి చలికి అవి ఆగవు. ఒంటికి ఆనేది పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్, మీద ఫ్లీసు, ఆపైన గాలి దూరని కోటు. నూలు బనియను చెమటకు తడిసి ఆరదు, వణుకు అక్కణ్ణుంచే మొదలవుతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ముందే మొద్దుబారతాయి.

గడ్డకట్టిన నది మీద మాత్రం అడుగు పెట్టొద్దు. అడుగున ప్రవాహం మంచును కొరుకుతూనే ఉంటుంది, నిన్న ఆగిన చోట ఇవాళ ఆగకపోవచ్చు. చెరువుల మీదైతే కొత్తగా కట్టిన, అద్దంలాంటి మంచు కనీసం నాలుగు అంగుళాలుండాలి, తెల్లటి మంచైతే దానికి రెట్టింపు. కనీసం 150 అడుగులకోసారి తొలిచి కొలుస్తూ పోవాలి. విరిగి పడితే వచ్చిన వైపుకే తిరగండి, ఇందాక మిమ్మల్ని మోసింది ఆ మంచే. కాళ్లు ఆడిస్తూ ఛాతీతో పైకి పాకండి. లేచి నిలబడకుండా పొర్లుతూ దూరం రండి.

ఒడ్డునుంచే చూసి ఆనందించాల్సింది వబాషాలో ఉంది. అక్కడ పెపిన్ సరస్సు (మిసిసిపీయే వెడల్పై సరస్సులా మారిన చోటు) కిందుగా నది చలికాలంలో కూడా గడ్డకట్టదు, చేపల కోసం బాల్డ్ ఈగిల్ గద్దలు గుంపులుగా చేరతాయి. పొద్దున్నే వెళ్లండి. ఒడ్డునే నేషనల్ ఈగిల్ సెంటర్ ఉంది, పిల్లలకు చలేస్తే లోపల కూర్చోవచ్చు.

చిత్తూరు నుంచి అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వాళ్లు ఇక్కడ ఉండేలా టిక్కెట్లు తీయండి. మోకాళ్ల నొప్పులుంటే వినోనాలో గార్విన్ హైట్స్ మీదికి ఘాట్ రోడ్డులా కారులోనే వెళ్లొచ్చు. సాయంత్రం ఎండ నది అవతల విస్కాన్సిన్ రాష్ట్రపు కొండల మీద పడుతుంది, ఆకుల రంగులు అప్పుడే బాగుంటాయి. పొద్దు వాలడానికి గంట ముందు చేరుకోండి. కారులో శాలువా ఉంచండి, ఎండ దిగిన పది నిమిషాలకే అది కావాల్సి వస్తుంది.